పట్టాల మధ్య పదహారున్నర మిల్లీమీటర్లు

నమూనా రైలు బల్ల మీద తిరిగే బొమ్మే. కానీ దాన్ని సరిగ్గా చేయాలంటే భౌతికశాస్త్రం, పాత ఫొటోలు, రిటైరైన రైల్వే ఉద్యోగుల జ్ఞాపకాలు, వీటన్నిటికీ మించి నలుగురు స్నేహితులు కావాలి.

గుండ్రని ముక్కు మీద నక్షత్రం దిద్దుకుని, దశాబ్దాల పాటు మన ఎక్స్‌ప్రెస్ రైళ్లను లాగిన ఆవిరి ఇంజన్ పేరు డబ్ల్యూపీ. దాన్ని 87వ వంతుకు కుదించి ఇంట్లో నడిపించాలనుకునే వారికి మొదట ఎదురయ్యేది పట్టాల చిక్కు. భారత బ్రాడ్ గేజ్‌లో రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే సుమారు 19.3 మి.మీ. వస్తుంది. బజారులో తేలిగ్గా దొరికే నమూనా పట్టాల వెడల్పు మాత్రం 16.5 మి.మీ. అది అమెరికా, యూరప్‌లలో ఎక్కువగా వాడే 1,435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌కు 87వ వంతు.

తేడా మూడు మిల్లీమీటర్ల లోపే. కానీ అసలు కొలతలోకి మారిస్తే అది 24 సెంటీమీటర్లు. మన ఇంజన్ ఒళ్లు భారీగా ఉండి, కాళ్లు మాత్రం దగ్గరగా పెట్టుకుని నిల్చున్నట్టు కనిపిస్తుంది. దొరికే పట్టాలతో సర్దుకుపోవాలా, లేక పట్టాలు, చక్రాలు, ఇరుసులు అన్నీ సొంతంగా చేసుకోవాలా? నమూనా రైళ్ల అభిమానుల మధ్య ఈ చర్చ ఇప్పటిది కాదు. బ్రిటన్‌లో ఇదే పేచీ కొన్ని దశాబ్దాలు నడిచింది.

ఏడు అంగుళాల తప్పు

బ్రిటన్ రైళ్లూ స్టాండర్డ్ గేజ్ మీదే నడుస్తాయి. అయితే అక్కడి వంతెనలు, సొరంగాలు ఇరుకు కాబట్టి ఇంజన్ల ఒళ్లు మిగతా దేశాల కంటే చిన్నది. 87వ వంతుకు కుదిస్తే ఆనాటి విద్యుత్ మోటార్లు అందులో పట్టలేదు. తయారీదారులు దగ్గరిదారి వెతికారు. పట్టాలను 16.5 మి.మీ. దగ్గరే ఉంచి, ఇంజన్‌ను మాత్రం అడుగుకు 4 మి.మీ. చొప్పున, అంటే 76వ వంతుగా కాస్త పెద్దది చేశారు. దీనికే ‘డబుల్ ఓ’ అని పేరు. 1938లో మార్కెట్లోకి వచ్చిన ‘హార్న్‌బీ డబ్లో’తో ఈ కొలత ఇంటింటికీ చేరింది.

ఆ లెక్కలో పట్టాల వెడల్పు 4 అడుగుల ఒకటిన్నర అంగుళం అవుతుంది. ఉండవలసింది 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. ఏడు అంగుళాలు తక్కువ. చాలామంది పట్టించుకోలేదు. కొందరికి మాత్రం అది కంట్లో నలుసులా మిగిలింది. వారు పట్టాలను 18 మి.మీ.కు, తరవాత 18.2 మి.మీ.కు వెడల్పు చేసుకున్నారు. 1966లో ‘ప్రోటోఫోర్’ పేరుతో ఒక మిత్రబృందం అసలైన లెక్కనే ముందుకు తెచ్చింది. 18.83 మి.మీ. ఉండాలి, అంతే. చక్రపు అంచు ఎంత ఉండాలి, పట్టాలు చీలే చోట సందు ఎంత ఉండాలి అన్నది కూడా లెక్కగట్టి అందరి ముందూ పెట్టింది. ఒకరు గీసిన కొలతలతో మరొకరు చక్రాలు చేస్తే, వేరే ఊళ్లో ఇంకొకరు వేసిన పట్టాల మీద అవి పడిపోకుండా నడవాలి. ఆ నమ్మకం మీదే ఈ స్నేహాలు నిలిచాయి.

కుదిస్తే కుదరనివి

అన్నిటినీ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తే సరిపోతుందిగా అనిపించవచ్చు. ప్రకృతి అందుకు ఒప్పుకోదు. పొడవు 87వ వంతు అయితే, ఘనపరిమాణం 87 × 87 × 87, అంటే దాదాపు 6.6 లక్షల వంతు అవుతుంది. 100 టన్నుల ఇంజన్‌ను అవే లోహాలతో కుదిస్తే బరువు 150 గ్రాములే. అంత తేలికైన బండి పట్టా కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా ఎగిరి పక్కకు పడుతుంది. అసలు చక్రపు అంచు మూడు సెంటీమీటర్ల లోపు. దాన్ని 87వ వంతు చేస్తే మిల్లీమీటరులో మూడో వంతు. అందుకే బొమ్మల కంపెనీలు అంచును లోతుగా చేస్తాయి. చూడటానికి మోటుగా ఉంటుంది కానీ బండి పట్టా దిగదు.

సన్నని అంచు కావాలనుకున్న వారు అసలు ఇంజన్ల నుంచే ఉపాయం అరువు తెచ్చుకున్నారు. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్ల పీట ఊగుతుంది, ముక్కాలి పీట ఊగదు. ఇరుసుల మధ్య తక్కెడ కాడలా ఆడే చిన్న కడ్డీలు అమర్చి, ఎన్ని చక్రాలున్నా ఇంజన్ బరువు మూడు బిందువుల మీదే నిలిచేలా చేస్తారు. ప్రతి చక్రమూ పట్టాను వదలకుండా ఉంటుంది. నిజమైన ఆవిరి ఇంజన్లలో చక్రాల మీద బరువును సమంగా పంచే కడ్డీలదీ ఇదే సూత్రం.

ఆగే తీరు మరో చిక్కు. గంటకు 100 కి.మీ. వేగంతో వెళ్లే రైలు ఒక కిలోమీటరు దూరంలో ఆగుతుందనుకుందాం. నమూనాలో ఆ దూరం పదకొండున్నర మీటర్లు ఉండాలి. కానీ ఆగే దూరం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. నమూనా వేగం 87వ వంతు కాబట్టి, అదే రేటున వేగం తగ్గితే అది 13 సెంటీమీటర్లలోనే ఆగిపోతుంది. ఠక్కున నిలబడే రైలు బొమ్మలాగే కనిపిస్తుంది. అందుకే మోటారు ఇరుసుకు ఇత్తడి ఫ్లైవీల్ తొడుగుతారు. డిజిటల్ నియంత్రణ వచ్చాక, ఇంజన్ కడుపులో ఉండే చిన్న చిప్ మెల్లగా వేగం పెంచుతూ, మెల్లగా తగ్గిస్తూ లేని బరువును ఉన్నట్టు నటిస్తుంది.

నలుపు తెలుపులో ఎరుపు

కొలతలు కుదిరాక రంగు దగ్గర అసలు పరీక్ష మొదలవుతుంది. పాత ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కాంతి దాదాపు కనబడదు, నీలం మాత్రం ఎక్కువగా కనబడుతుంది. కాబట్టి ఆనాటి ఫొటోలో ముదురు ఎరుపు పెట్టె, నల్ల పెట్టె ఒకేలా ఉంటాయి. నీలిరంగు పెట్టె ఉన్నదానికంటే వెలిసినట్టు తేలిపోతుంది. అనుభవజ్ఞులు ఫొటోను చూడగానే అది ఏ ఫిల్ము అని అడుగుతారు. తరవాత వేరే సాక్ష్యాలు వెతుకుతారు. పొలాల్లో కొట్టంగా మారిన పాత పెట్టె దొరికితే, దాని మీది రంగును మెల్లగా గీకి పొరలు లెక్కపెడతారు. చెట్టు వలయాల్లా అక్కడ దశాబ్దాల చరిత్ర ఉంటుంది.

ఫొటో నుంచి కొలతలూ రాబడతారు. డబ్ల్యూపీ పెద్ద చక్రం వ్యాసం 5 అడుగుల 7 అంగుళాలు, అంటే సుమారు 1.7 మీటర్లు. పక్క నుంచి తీసిన ఫొటోలో ఆ చక్రం 34 మి.మీ. ఉంటే, ఆ ఫొటోలో ఒక్కో మిల్లీమీటరు అసలులో 5 సెంటీమీటర్లు. మెట్టు ఎత్తు, కిటికీ వెడల్పు అన్నీ ఆ లెక్కతో తేలతాయి.

డ్రాయింగులు ఉన్నాయి కదా అంటే, డ్రాయింగులో ఉన్నది పుట్టిననాటి ఇంజన్. డబ్ల్యూపీలు మొత్తం 755. తొలి ఇంజన్లు 1947లో అమెరికాలోని బాల్డ్విన్ నుంచి వచ్చాయి. ఆ తరవాతవి కెనడా, పోలండ్, ఆస్ట్రియా, చివరగా మన చిత్తరంజన్ కర్మాగారాల్లో తయారయ్యాయి. ఆపై ఒక్కో షెడ్డు తన ఇంజన్‌కు తన ముస్తాబు చేసుకుంది. ఫలానా నంబరు ఇంజన్ ఫలానా ఏడాది ఎలా ఉండేదో చెప్పగలిగింది ఆ ఏడాది దాన్ని చూసినవారే.

ఒక లోయను దాచిన మిత్రులు

ఇలాంటి జ్ఞాపకాలను పోగుచేసి నిలబెట్టిన చోటు ఇంగ్లండ్ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని లాంగ్ విటెన్‌హామ్ గ్రామం. ఆస్ట్రేలియాలో పుట్టిన రాయ్ ఇంగ్లండ్ 1925లో ఆ దేశం వచ్చారు. వేల్ ఆఫ్ వైట్ హార్స్ లోయలోని గడ్డికప్పు ఇళ్లు, పల్లె బాటలు, చిన్న స్టేషన్లు కళ్లముందే మారిపోవడం చూశారు. ఇళ్లకు కొలతలు తీసి, ఫొటోలు తీసి, రంగులు రాసుకుని, అట్టముక్కలతో 76వ వంతు నమూనాలు చేయడం మొదలుపెట్టారు. 1954లో అది పెండన్ మ్యూజియం అయింది.

ఒక మనిషి జీవితంలో తెమిలే పని కాదది. గై విలియమ్స్ ఇంజన్లు చేశారు, మరికొందరు ఇళ్లు, చెట్లు, తోటలు చేశారు. సుందరమైన పరిసరాల మధ్య రైలును చూపడంలో ముందువరసలో నిలిచిన జాన్ అహెర్న్ మరణించాక, ఆయన ‘మాడర్ వ్యాలీ’ నమూనాకూ అక్కడే చోటిచ్చారు. రాయ్ ఇంగ్లండ్ 1995లో కన్నుమూశారు. స్వచ్ఛంద కార్యకర్తలు పని ఆపలేదు. 1920, 30ల నాటి ఆ లోయ ఎలా ఉండేదో చూడాలంటే ఇవాళ అక్కడికే వెళ్లాలి.

మన పట్టాల మాట

మన దేశంలోనూ ఈ అభిరుచికి చిరునామాలున్నాయి. పుణెలో భావూ జోషి స్థాపించిన మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచి సందర్శకులను ఆకర్షిస్తోంది. కానీ మన దగ్గర నమోదు కావలసింది ఇంకా ఎంతో ఉంది. 1992లో మొదలైన ‘యూనిగేజ్’ ప్రాజెక్టుతో మీటర్ గేజ్ మార్గాలు ఒక్కొక్కటే బ్రాడ్ గేజ్‌గా మారాయి. సికింద్రాబాద్–మన్మాడ్, గుంటూరు–గుంతకల్లు దారుల్లో ఒకప్పుడు నడిచినవి మీటర్ గేజ్ బండ్లే. ప్రయాణికులకు మేలు జరిగింది. పాత సిగ్నల్ కేబిన్లు, నీటి స్తంభాలు, ఇంజన్‌ను తిప్పే టర్న్‌టేబుళ్లు మాత్రం చాలాచోట్ల గుర్తు లేకుండా పోయాయి.

చిత్రమేమిటంటే, నమూనాకు మీటర్ గేజే అనుకూలం. వెయ్యి మిల్లీమీటర్లలో 87వ వంతు 11.5 మి.మీ. బజారులో 12 మి.మీ. పట్టాలు దొరుకుతాయి. అర మిల్లీమీటరు తేడాను ఎంత పట్టుదల గల అభిమానైనా క్షమిస్తాడు. పట్టాలున్నాయి, మోటార్లున్నాయి. ఫలానా స్టేషన్‌లో నీటి స్తంభం ప్లాట్‌ఫారానికి ఏ పక్కన ఉండేదో చెప్పేవారు కావాలి.

ఆ దారుల్లో బొగ్గు వేసిన ఫైర్‌మన్లు, బండి నడిపిన డ్రైవర్లు, జెండా ఊపిన గార్డులు ఇప్పుడు తాతయ్యలు. వారి ఇంటి బీరువాలో ఇంజన్ ముందు నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి ఉండే ఉంటుంది. దాని వెనక ఊరు, ఏడాది, ఇంజన్ నంబరు, పెట్టెల రంగు పెన్సిల్‌తో రాసిపెడితే చాలు. ఆ రంగు చెప్పగలవారు పక్కనే ఉన్నప్పుడు అది అయిదు నిమిషాల పని.