గుట్ట మీద గుడి, గుట్ట కింద గోదావరి

పిల్లలూ! భద్రాచలం పేరు వినని తెలుగువారు ఉండరు. శ్రీరామనవమినాడు అక్కడ జరిగే కల్యాణాన్ని మీరు టీవీలో చూసే ఉంటారు. కాని ఆ ఊరిని ఎప్పుడైనా భూగోళ పాఠంగా చూశారా? ఈసారి వెళ్ళినప్పుడు అలా చూడండి.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా సుమారు 120 కి.మీ. ప్రయాణం. (రైల్లో వచ్చేవారికి ఒక మాట: ‘భద్రాచలం రోడ్’ అనే స్టేషను ఉన్నది కొత్తగూడెంలో! అక్కడ దిగి గుడి ఎటని అడిగితే, ఇంకో 40 కి.మీ. పొమ్మంటారు.) పాల్వంచ దాటాక అడవి మొదలవుతుంది. టేకు, ఇప్ప, తునికి చెట్లు, వాటి నడుమ కోయ గూడేలు. సారపాక రాగానే వంతెన కనిపిస్తుంది. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ దానిని ప్రారంభించారు.

వంతెన మీద నుంచి ఎదుటి ఒడ్డుకు చూడండి. ఊరి మధ్య ఒక గుట్ట, దాని మీద గుడి. ‘అచలం’ అంటే కొండ. భద్రుని కొండ కనుక భద్రాచలం. నిజానికి పెద్ద కొండేమీ కాదు, మెట్లెక్కితే కొద్ది నిమిషాల్లో పైకి చేరతాం. 17వ శతాబ్దంలో, గోల్కొండను తానీషా ఏలుతున్న రోజుల్లో, పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న ఈ గుడి కట్టించాడు. ఆయనే రామదాసు. ఆయన చెరసాల కథ మీకు తెలిసిందే, మళ్ళీ చెప్పను.

నేను చెప్పదలచింది గుట్ట గురించి. అది గట్టి రాయి. ఎంత వరద వచ్చినా కదలదు. దాని చుట్టూ ఉన్న చదును నేల సంగతి వేరు. ఒకప్పుడు నది పారిన, మళ్ళీ పారగల నేల అది. గుడి రాతి మీద నిలిచింది, ఊరు మాత్రం పెరుగుతూ పెరుగుతూ పల్లానికి దిగింది.

వానాకాలంలో భద్రాచలంలో ఎవరిని పలకరించినా మొదటి ప్రశ్న ఒకటే: “ఎన్ని అడుగులుంది?” నీటిమట్టం 43 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. 43 అడుగులంటే నది లోతు అంత అని అనుకోకండి. కొలతబద్ద మీది సున్నా నది అడుగు కాదు, సముద్ర మట్టానికి సుమారు 32.6 మీటర్ల ఎత్తున నిర్ణయించుకున్న ఒక గుర్తు. అక్కడి నుంచి పైకి లెక్క.

1986 ఆగస్టులో ఆ లెక్క 75.6 అడుగులకు చేరింది. అంటే సున్నా గుర్తుకు 23 మీటర్ల పైన నీళ్ళు! అంతకు మించిన వరద అక్కడ నమోదు కాలేదు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. వేలమంది ఇళ్ళు విడిచి పునరావాస కేంద్రాలకు చేరారు. ఆనాడు నదిలో పారింది సెకనుకు సుమారు 24 లక్షల ఘనపుటడుగుల నీరు. ఈ అంకె ఊహకు అందదు కదూ? లెక్క వేద్దాం. ఒక ఘనపుటడుగు నీరు 28.3 లీటర్లు. మీ తరగతి గది 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉందనుకోండి. అలాంటి గదులు 470 నిండే నీరు, ఒక్క సెకనులో మీ ముందు నుంచి పోతుంది.

చిత్రమేమిటంటే, ఒక్కోసారి భద్రాచలంలో చినుకు పడకుండానే నది పొంగుతుంది. ఆ నీరు పైనుంచి వచ్చింది. మహారాష్ట్రలో కురిసిన వానను వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగలు ప్రాణహితకు ఇస్తాయి. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఒడిశాలో పుట్టిన ఇంద్రావతి ఛత్తీస్‌గఢ్ మీదుగా వచ్చి ఇంకాస్త కిందికి చేరుతుంది. ఇవన్నీ కలిశాకనే నది భద్రాచలం వస్తుంది.

వచ్చిన నీరు వచ్చినట్టే పోతే సగం బాధ తీరును. కాని కింద రెండు అడ్డంకులున్నాయి. మొదటిది కూనవరం. అక్కడ శబరి నది గోదావరిలో కలుస్తుంది. శబరికి కూడా అదే సమయంలో వరద వస్తే, గోదావరి నీరు ముందుకు సాగలేక వెనక్కి ఎగదన్నుతుంది. రెండవది పాపికొండలు. తూర్పు కనుమలను చీల్చుకుని పోయే ఆ ఇరుకులో, కిలోమీటరుకు మించిన వెడల్పుతో వచ్చిన నది కొన్ని వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. ఇంట్లో ఒక గరాటు తీసుకుని చెంబెడు నీళ్ళు ఒక్కసారిగా పోయండి. కింది నుంచి నీరు పోతూనే ఉంటుంది, అయినా గరాటులో మట్టం పెరుగుతుంది. భద్రాచలం ఆ గరాటు పైభాగంలో ఉంది.

మరి రక్షణ? ఊరికీ నదికీ మధ్య కరకట్ట కట్టారు. అది చాలా మేలు చేసింది. అయితే దానికొక తిరకాసు ఉంది. ఊళ్ళో పడిన వాన నీరు కట్ట కింది తూముల గుండా నదిలోకి పోవాలి. నది ఊరి కాలువల కన్నా ఎత్తుకు వచ్చినప్పుడు ఆ తూముల తలుపులు మూసెయ్యాలి, లేకుంటే నదే లోపలికి వస్తుంది. మూస్తే, లోపలి వాన నీటికి దారి లేదు. అందుకే వరద రోజుల్లో మోటార్లు పెట్టి ఆ నీటిని కట్ట అవతలికి తోడతారు. నీరు పల్లమెరుగు అంటారు. ఇక్కడ పల్లం రోజుకో వైపు మారుతుంది!

2014 నుంచి భద్రాచలం పట్టణం తెలంగాణలో, చుట్టూ ఉన్న ఊళ్ళు చాలా వరకు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. కట్ట వెంబడి కాస్త దూరం నడిస్తే రాష్ట్రం మారిపోతుంది. వరద రోజుల్లో మాత్రం రెండు వైపుల అధికారులూ చూసేది ఆ ఒక్క కొలతబద్దనే.

ఈ వానాకాలంలో మీరూ ఒక పని చేయండి. భద్రాచలం నీటిమట్టం రోజూ వార్తల్లో వస్తుంది. గ్రాఫు కాగితం మీద అడ్డంగా తేదీలు, నిలువుగా అడుగులు గుర్తించి గీత గీయండి. 43, 48, 53 దగ్గర ఎర్ర సిరాతో గీతలు కొట్టండి. వరద ఎక్కేటప్పుడు గీత నిటారుగా, దిగేటప్పుడు వాలుగా రావడం చూస్తారు. దిగుతున్న గీత మధ్యలో ఆగి అడ్డంగా సాగిందంటే, ఆ రోజు శబరి వైపు వానలు ఎలా ఉన్నాయో పత్రికలో వెతకండి.