మైసూరు చలో

1947 ఆగస్టు 9న మైసూరు మహారాజు జయచామరాజ ఒడెయరు తమ సంస్థానాన్ని భారతదేశంలో చేర్చడానికి సంతకం చేశారు. రక్షణ, విదేశాంగ, రవాణా సమాచార వ్యవహారాలు కేంద్రానికి దక్కాయి. సంస్థానంలో అధికారం మాత్రం దివాను చేతిలోనే మిగిలింది.

దేశం స్వతంత్రమైనా తమకు బాధ్యతాయుత ప్రభుత్వం రాలేదని ప్రజలు భావించారు. సెప్టెంబరులో మైసూరు కాంగ్రెసు 'మైసూరు చలో' ఉద్యమం ప్రారంభించింది. బెంగుళూరు వీధుల్లో విద్యార్థులు, కార్మికులు ఊరేగింపులు జరిపారు. అనేకులు జైళ్ళపాలయ్యారు. రాజును తొలగించమని వారు కోరలేదు. పాలన ప్రజల ప్రతినిధులకు అప్పగించమన్నారు. అక్టోబరులో మహారాజు అంగీకరించారు. కోలారు జిల్లా క్యాసంబళ్లిలో జన్మించిన కె.సి. రెడ్డి 25న తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

మరునాడే, దాడికి గురైన కాశ్మీరులో మహారాజు హరిసింగ్ భారతదేశంలో చేరుతూ సంతకం చేశారు. అక్కడ కూడా 1946లోనే షేక్ అబ్దుల్లా నాయకత్వాన ప్రజలు రాజరికాన్ని ఎదిరించారు. ఏ దేశంలో చేరాలన్నది ఒక ప్రశ్న. ఎవరు పాలించాలన్నది మరొక ప్రశ్న. రాజు సంతకంతో రెండవది తీరదని మైసూరు ప్రజలు నిరూపించారు.