ఊరా? ఏరా?

మన చంద్రపూరు తెలుగువారికి వార్ధా అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. బల్లార్పూరు నుండి రాజురా పోయేటప్పుడు వంతెన క్రింద పారేది అదే. అయితే ఈ పేరును ఇంగ్లీషులో వ్రాయవలసి వచ్చినప్పుడు మనవాళ్ళు చేసే చిన్న పొరపాటు ఒకటి ఉన్నది. అది మా ఇంట ఏమి చేసినదో ముందుగా మనవి చేస్తాను.

కొన్నేళ్ళ క్రిందట మా పెద్దమామయ్య పోయినప్పుడు అస్థి నిమజ్జనం బల్లార్పూరు వద్ద అనుకున్నాము. సికింద్రాబాదులో ఉన్న చిన్నమామయ్యకు మా అబ్బాయి ఫోనులో ఇంగ్లీషున నాలుగు ముక్కలు పంపినాడు: 'ఇమ్మర్షన్ ఇన్ వార్ధా, సండే మార్నింగ్.' మామయ్య సరిగానే చదివినాడు. వార్ధా ఊరికి టిక్కెట్టు కొని రాత్రి రైలెక్కినాడు. బల్హార్షా రాకముందే బండి ఆ నదినే దాటినది. ఆయన నిద్రలో ఉన్నాడు. చంద్రపూరు కూడా దాటి, ఇంకా నూరు కిలోమీటర్లకు పైగా పోయి, తెల్లవారి సేవాగ్రాంలో దిగి, "ఏ ఘాటుకు రమ్మంటావురా?" అని ఫోను చేసినాడు. అప్పటికి మేము మోకాటిలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాము. పురోహితుడు వేళ మించుతున్నదన్నాడు. తోడబుట్టినవాడు లేకుండానే కలశం వంచినాము.

సాయంత్రానికి ఆయన వచ్చి, ఒడ్డున ఒక్కడే చాలాసేపు కూర్చున్నాడు. ఎవరినీ ఏమీ అనలేదు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం, "'ఇన్ ది వార్ధా' అని ఉంటే బల్హార్షాలోనే దిగేవాణ్ణిరా" అన్నాడు. జన్మంతా ఆఫీసు ఇంగ్లీషుతో గడిపినవాడు గదా!

సంగతి అంతే. ఇంగ్లీషులో నది పేరుకు ముందు 'ది' ఉండవలెను, ఊరి పేరుకు ఉండరాదు. ది గోదావరి, ది నైల్, ది డాన్యూబ్. (హేగ్ నగరానికి 'ది' ఉన్నదే అని తెలివైన పిల్లలు అడుగుతారు. అటువంటివి బహుకొద్ది.) నది అన్న మాట కూడా చేర్చదలిస్తే ఇంగ్లండువారు తమ నదులకు ముందు చేరుస్తారు: ది రివర్ థేమ్స్. అమెరికావారు వెనుక: ది మిసిసిపీ రివర్. మన నదులకు రెండు విధాలూ చెల్లుతవి, కాని 'ది' మాత్రం విడువరాదు. పటములో పేరు ప్రక్కన 'ది' అచ్చు వేయరు. పటం చూచి వ్యాసం వ్రాసే పిల్లలు పొరబడేది అక్కడే. మన భాషలో ఇటువంటి ముక్క లేదు గనుక లోటు చెవికి తెలియదు. అన్నట్లు, థేమ్స్‌లో హెచ్ పలుకదు. అక్కడివారు 'టెమ్జ్' అంటారు.

నది నది అని రెండుసార్లు అనడమూ లోకమంతటా ఉన్నది. ఇంగ్లండులోని ఏవన్ అన్న పేరుకు పాత కెల్టిక్ భాషలో నది అనే అర్థం. సయాము దేశపు మీనాం నది అని పాత భూగోళాలలో ఉండేది. థాయి భాషలో మీనాం అంటే నదియే. దాని అసలు పేరు చావో ప్రయా. మనం నవ్వనక్కరలేదు. వైన్‌గంగలో, పైన్‌గంగలో గంగ ఉండనే ఉన్నది, మనమూ నది చేరుస్తాము. ఉత్తర తెలంగాణా పల్లెలలో గోదావరినే గంగ అంటారు గదా.

వార్ధా, వైన్‌గంగ కలిసిన తరువాతి నదికి తెలుగులో ప్రాణహిత అని చక్కని పేరు. కాళేశ్వరం వద్ద గోదావరిలో కలిసేదాకా దాని పొడవు 113 కిలోమీటర్లు. ఇంగ్లీషు పటాలలో నడిమి 'ఎ' ఎగిరిపోయి మన పిల్లల నోట అది 'ప్రాన్హిత' అయినది. కాగితం మీద పటంలోని అక్షరాలే వ్రాయనీయండి, నోట మాత్రం ప్రాణహిత అనిపించండి. బర్మా నుండి తిరిగివచ్చిన మన కుటుంబాలు ఎరిగిన ఐరావతికి 1989లో అక్కడి ప్రభుత్వం ఇంగ్లీషు అక్షరాలు మార్చినది. తాతల కాగితాలలో పాత వ్రాత ఉంటే దిద్దకండి.

సంవత్సరీకానికి చిన్నమామయ్య మళ్ళీ వచ్చినాడు. బల్హార్షాలో దిగినాడు. ఒడ్డుకు తీసుకుపోయినది మా అబ్బాయే.