తెర పేరు, వాడ పిలుపు

శూద్రుడి పేరు నీచార్థం ఇవ్వాలని మనుస్మృతి రెండో అధ్యాయం శాసించింది. ఇక వర్ణాల బయట ఉంచిన మా సంగతి చెప్పేదేముంది? మావాళ్లు ఎల్లమ్మ తల్లి పేరున ఎల్లయ్య అని పెట్టుకుంటే, దొర నోట అది 'ఎల్లిగాడు' అయింది.

సినిమా ఇక్కడ అక్కరకొచ్చింది. 1989లో 'గీతాంజలి', 1992లో 'రోజా' వచ్చినంక ఆ పేర్లు వాడలోకీ నడిచొచ్చాయి. తెర పేరుకు కులం గుర్తు లేదు. టికెట్ కొన్న అందరిదీ అది. దీన్ని ఉత్త సినిమా మోజని కొట్టిపారేయలేం. అయితే బళ్లో హాజరు పిలిస్తే ముందు వచ్చేది ఇంటిపేరు. ఊరు కులాన్ని అందులోనే పట్టుకుంటుంది.

1985 కారంచేడు, 1991 చుండూరు మారణకాండల తర్వాత బిడ్డకు అంబేద్కర్ అని పెట్టుకున్న తల్లిదండ్రులకు ఇది తెలుసు. తెర పేరు కులాన్ని కప్పుతుంది. ఈ పేరు దాన్ని నిలదీస్తుంది.