తప్పు దాచుకోని లినక్స్

1991 తొలి నెలల్లో, ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో, లినస్ టోర్వాల్డ్స్ కొత్తగా కొన్న 386 కంప్యూటర్ తెర మీద ‘ఎ’ అక్షరాలు బారులు తీరాయి. కాసేపటికి అవి ఆగి ‘బి’లు మొదలయ్యాయి. మళ్లీ ‘ఎ’లు. చూసేవాళ్లకు అందులో విశేషమేమీ కనబడదు. ఆ 21 ఏళ్ల విద్యార్థికి మాత్రం అది పెద్ద విజయం. ఒకే ప్రాసెసర్ మీద రెండు పనులు వంతులు వేసుకుని నడుస్తున్నాయి! గడియారం సంకేతం ఇచ్చినప్పుడల్లా నడుస్తున్న పనిని ఆపాలి, ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోవాలి, రెండోదాన్ని అది ఆగినచోటి నుంచి కదిలించాలి. ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కైనా ఇదే మూలవిద్య.

తరవాత ‘ఎ’ పనిని కీబోర్డు నుంచి మోడెమ్‌కీ, ‘బి’ పనిని మోడెమ్ నుంచి తెరకీ అక్షరాలు చేరవేసేలా మార్చాడు. దాంతో ఇంట్లో కూర్చుని విశ్వవిద్యాలయం కంప్యూటర్‌ను వాడుకోగలిగాడు. అక్కడి ఫైళ్లు దించుకోవాలంటే డిస్కు మీద రాయాలి. అందుకు డిస్కు డ్రైవర్ కావాలి, ఫైల్ సిస్టమ్ కావాలి. ఒక అవసరం ఇంకో అవసరాన్ని లాక్కొచ్చింది. మోడెమ్ ప్రోగ్రాం కాస్తా ఆపరేటింగ్ సిస్టమ్‌గా ఎదిగింది.

అప్పటికి యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పుట్టి ఇరవయ్యేళ్లు దాటింది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన ఆ సిస్టమ్ విశ్వవిద్యాలయాలకు బాగా పాకింది. కానీ 1979 నాటి ఏడో వెర్షన్‌కు వచ్చేసరికి దాని సోర్స్ కోడ్‌ను క్లాసులో పాఠంగా చెప్పడానికి కూడా లైసెన్సు ఒప్పుకోలేదు. ఆ లోటు తీర్చడానికి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆండ్రూ టానెన్‌బామ్ 1987లో మినిక్స్ రాశాడు. దాన్ని చదువుకోవచ్చు గానీ, మార్చి స్వేచ్ఛగా పంచిపెట్టడానికి అప్పట్లో వీల్లేదు. మరోవైపు రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు కంపైలర్‌తో సహా చాలా సరంజామా సిద్ధం చేసింది. అన్నింటికీ అడుగున ఉండాల్సిన కెర్నల్ మాత్రం పూర్తికాలేదు. టోర్వాల్డ్స్ కోడ్ సరిగ్గా ఆ ఖాళీని పూరించింది.

1991 సెప్టెంబరులో బయటపెట్టిన లినక్స్ 0.01 వెర్షన్ సుమారు 10,000 లైన్లు. దాన్ని కంపైల్ చేయాలంటే ఇంకా మినిక్స్ ఉండాల్సిందే. కొన్నాళ్లకు ఆ ఆధారమూ పోయింది. యూనిక్స్ తరహా సిస్టమ్‌లో మోడెమ్, డిస్కు రెండూ ఫైళ్ల రూపంలోనే కనిపిస్తాయి. మోడెమ్‌కు వెళ్లాల్సిన డయల్ కమాండ్‌ను టోర్వాల్డ్స్ పొరపాటున డిస్కుకు పంపాడు. మినిక్స్ ఉన్న భాగం చెడిపోయింది. మళ్లీ మినిక్స్ ఎక్కించుకోకుండా, లినక్స్‌నే సొంత కాళ్ల మీద నిలబెట్టడానికి పూనుకున్నాడు.

అదే ఏడాది చివర జర్మనీ నుంచి ఒకతను తన ఇబ్బంది చెప్పుకున్నాడు. అతని కంప్యూటర్‌లో ఉన్నది 2 మెగాబైట్ల మెమరీ. అందులో కంపైలర్ సరిగ్గా నడవక, కెర్నల్ కంపైల్ కావడం లేదు. క్రిస్మస్ సెలవుల్లో టోర్వాల్డ్స్ దీని మీద కూర్చున్నాడు. మెమరీ చాలనప్పుడు కొన్ని పేజీలను డిస్కు మీదికి తరలించి, కావాల్సినప్పుడు వెనక్కి తెచ్చుకునే ఏర్పాటు చేశాడు. మినిక్స్‌లో ఆ సదుపాయం లేదు. ఒకరి ఫిర్యాదు కొత్త సదుపాయమైంది. మరమ్మతు వేరు, అభివృద్ధి వేరు అన్న గీత ఈ సిస్టమ్‌లో మొదటి ఏడాదే చెరిగిపోయింది.

1992లో లినక్స్ గ్నూ జీపీఎల్ లైసెన్సు కిందికి రావడంతో, ఎవరైనా కోడ్‌ను చదివి, మార్చి, పంచిపెట్టే హక్కు ఖాయమైంది. పంచిపెట్టేవాళ్లు తాము మార్చిన కోడ్‌ను కూడా ఇవ్వాలి. 1994 మార్చిలో వచ్చిన 1.0 వెర్షన్ 1,76,250 లైన్లకు చేరింది. ఇప్పుడది 3 కోట్ల లైన్లు దాటింది. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్లలో అడుగున నడిచేది ఈ కెర్నలే.

జబ్బు పట్టుకునే విద్య

మామూలు ప్రోగ్రాం తప్పు చేస్తే కెర్నల్ దాన్ని ఆపేస్తుంది. కెర్నలే తప్పు చేస్తే ఆపడానికి పైన ఎవరూ లేరు. అలాంటప్పుడు లినక్స్ తన పరిస్థితిని తానే రాసిపెడుతుంది. ఆ నివేదికను ‘ఊప్స్’ అంటారు. ఏ చిరునామా ముట్టుకోబోయి దెబ్బతిన్నదీ, అప్పుడు ఏ ఫంక్షన్ నడుస్తున్నదీ, దాన్ని పిలిచిన ఫంక్షన్లేవీ, రిజిస్టర్లలో ఏ విలువలు ఉన్నదీ అన్నీ అందులో ఉంటాయి. ముందుకు సాగితే డేటా పాడయ్యే ప్రమాదముందనుకుంటే ‘ప్యానిక్’ అని ప్రకటించి పూర్తిగా ఆగిపోతుంది.

చెయ్యి తిరిగినవాళ్లు ఊప్స్‌ను ఎలా చదువుతారో చూడండి. చెడ్డ చిరునామా 24 అని ఉందనుకుందాం. మెమరీలో అంత మొదట్లో కెర్నల్‌కు పనికొచ్చేదేమీ ఉండదు. అంటే ఒక స్ట్రక్చర్‌ను చూపాల్సిన పాయింటర్‌లో సున్నా ఉంది. కోడ్ ఆ సంగతి చూసుకోకుండా, స్ట్రక్చర్ మొదలు నుంచి 24 బైట్ల దూరంలో ఉన్న ఫీల్డ్ కోసం వెళ్లింది. ఆ దూరంలో ఉన్న ఫీల్డ్ ఏదో సోర్స్‌లో చూస్తే, ఖాళీగా ఉన్న పాయింటర్ ఏదో తెలిసిపోతుంది. ఇక తేల్చాల్సింది అది ఖాళీగా ఎందుకు ఉందన్నదే. సోర్స్ అందుబాటులో లేనివాళ్లకు ఆ 24 వట్టి అంకెగానే మిగిలిపోతుంది.

తప్పు పట్టుకోవడానికి ఇంకో దారి 2005లో తెరుచుకుంది. కెర్నల్ మార్పులన్నిటినీ వరుసగా భద్రపరచడానికి టోర్వాల్డ్స్ ఆ ఏడాది గిట్‌ను రాశాడు. పాత వెర్షన్‌లో వైఫై పనిచేసింది, కొత్తదాంట్లో పనిచేయడం లేదు అనుకుందాం. రెండింటి మధ్య 10,000కు పైగా మార్పులు ఉండొచ్చు. గిట్‌లోని బైసెక్ట్ కమాండ్ సరిగ్గా నడిమి మార్పు దగ్గర నిలబెడుతుంది. అక్కడ కంపైల్ చేసి, బూట్ చేసి, వైఫై వచ్చిందో లేదో చెప్పాలి. జవాబును బట్టి సగం మార్పుల మీద అనుమానం తీరిపోతుంది. మిగిలిన సగంలో మళ్లీ సగం. సుమారు 14 సార్లు ఇలా చేస్తే దోషమున్న మార్పు ఒంటరిగా దొరుకుతుంది. ఈ పని చేసేవారికి కెర్నల్ రాసిన సీ భాష రావాల్సిన అవసరం కూడా లేదు, ఓపిక ఉంటే చాలు.

అయితే ఈ పద్ధతి ఫలించాలంటే మధ్యలోని ప్రతి మార్పూ దానికదే కంపైలై బూట్ కావాలి. అందుకే పెద్ద పనిని చిన్న చిన్న ప్యాచ్‌లుగా విడగొట్టి పంపమంటారు. రేపు తప్పు వెతకబోయేవారి కోసం ఇవాళ కోడ్ రాసేవాళ్లు పాటించే క్రమశిక్షణ ఇది.

ఒక్క సెకను

భూమి తిరుగుడుతో గడియారాలను సరిపెట్టడానికి కొన్నేళ్లకోసారి ఒక లీపు సెకను కలుపుతుంటారు. 2012 జూన్ 30 అర్ధరాత్రి, అంతర్జాతీయ సమయం ప్రకారం, అలాంటి సెకను ఒకటి వచ్చింది. మనకప్పుడు జులై 1 ఉదయం ఐదున్నర. ఆ క్షణం నుంచి ప్రపంచమంతటా ఎన్నో లినక్స్ సర్వర్లలో ప్రాసెసర్లు నూరు శాతం పనితో వేడెక్కిపోయాయి. రెడిట్ ఆగిపోయింది. ఆస్ట్రేలియాలో క్వాంటాస్ విమానాలకు ప్రయాణికుల చెకిన్ దెబ్బతింది.

కారణం ఇది. కెర్నల్ తన గడియారాన్ని ఒక సెకను సవరించుకుంది గానీ, ఆ సంగతి సూక్ష్మ టైమర్ల విభాగానికి చెప్పలేదు. టైమర్లు ఒక సెకను ముందుండిపోయాయి. ఏదైనా ప్రోగ్రాం ‘అర సెకను తరవాత లేపు’ అని పడుకుంటే, టైమర్ లెక్కలో ఆ వేళ అప్పటికే దాటిపోయింది. వెంటనే లేపేసింది. ప్రోగ్రాం మళ్లీ పడుకుంది, మళ్లీ లేచింది. క్షణం తీరిక లేకుండా ఇదే వరస.

తాత్కాలిక మందు చాలా తేలిక. ఇప్పుడు టైమ్ ఎంతైతే ఉందో అదే టైమ్‌ను డేట్ కమాండ్‌తో మళ్లీ పెట్టడమే. గడియారం మారిందన్న కబురు దాంతో టైమర్లకు చేరి, లెక్క కుదిరింది. తరవాత కెర్నల్ డెవలపర్ జాన్ స్టల్ట్స్ లీపు సెకను వచ్చినప్పుడు కెర్నలే ఆ కబురు పంపేలా దిద్దాడు. దిద్ది ఊరుకోలేదు. కొన్నేళ్లకోసారి మాత్రమే నడిచే కోడ్‌లో తప్పు దాగి ఉండటం సహజం కాబట్టి, రోజూ ఒక లీపు సెకను వచ్చినట్టు నడిపించే పరీక్ష కూడా రాశాడు. ఇప్పుడది కెర్నల్‌తోపాటే వస్తుంది.

కోడ్ తెరిచి ఉంటే తప్పులన్నీ వాటంతట అవే బయటపడతాయని అనుకోకూడదు. 2016లో బయటపడ్డ ‘డర్టీ కౌ’ లోపం 2007 నుంచీ అందరి కళ్లెదుటే ఉంది. మామూలు యూజర్ సర్వాధికారాలు లాక్కోవడానికి అది దారిచ్చింది. దాడికి గురైన ఒక సర్వర్‌లో జాడలు పరిశీలించి ఫిల్ ఓస్టర్ దాన్ని పట్టుకున్నాడు. దిద్దుబాటుతోపాటు టోర్వాల్డ్స్ రాసిన వివరణ ఎవరైనా చదవొచ్చు. పదకొండేళ్ల కిందట తానే దీన్ని సరిచేయబోయాననీ, సరిగా చేయలేదనీ, వేరే ప్రాసెసర్ల మీద ఇబ్బంది రావడంతో ఆ మార్పును తీసేశారనీ అందులో ఉంది. కోడ్ తెరిచి ఉంచడం అవకాశం మాత్రమే ఇస్తుంది. చూసేవారు చూడాలి, చూసింది చెప్పాలి.

మన ఇంజినీరింగ్ విద్యార్థులు, పనులు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ నిలిచిపోయే డెడ్‌లాక్‌కు నాలుగు షరతులూ ఒప్పజెబుతారు. వాళ్లు ఒక పాత ల్యాప్‌టాప్‌లో కెర్నల్‌ను సొంతంగా కంపైల్ చేసి బూట్ చేయాలని నా కోరిక. అది ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఆగినచోట అసలు చదువు మొదలవుతుంది. ఏ వెర్షన్, ఏ హార్డ్‌వేర్, చివరగా ఏ వెర్షన్‌లో పనిచేసింది, ఊప్స్ పూర్తి పాఠం ఏమిటి అన్నవి పొందిగ్గా రాసి పంపితే చాలు, అది కెర్నల్‌కు చేసిన పనే అవుతుంది. ఆ సమస్యను దిద్దిన ప్యాచ్‌లో, తప్పు ఏ మార్పుతో వచ్చిందో ఒక వరుసలో రాస్తారు. ఇంకో వరుసలో, దిద్దినవారి సంతకానికి తోడుగా, తప్పు ఉందని చెప్పినవారి పేరు వేస్తారు. ఇన్నేళ్లుగా ఈ సిస్టమ్ బతికి ఎదుగుతున్నది ఆ రెండు వరుసలూ రాసే అలవాటు వల్లే.