వైట్ టౌన్‌కు కరెంటు వచ్చే దారి

పుదుచ్చేరి పట్టణంలో సముద్రతీరానికీ, ఉత్తర దక్షిణాలుగా సాగే పెద్ద కాలువకూ నడుమనున్న కొద్దిపాటి ప్రాంతాన్ని వైట్ టౌన్ అంటారు. ఫ్రెంచి పాలనాకాలంలో ఐరోపావాసులు నివసించిన భాగమిది. కాలువకు పడమట స్వదేశీయుల వీధులుండేవి. పసుపు, తెలుపు గోడల మేడలను, తీరం వెంట దీపాల వరుసను చూచే యాత్రికునికి ఇచ్చట కరెంటు పోతుందన్న ఊహ కలుగదు. కాని పోతుంది. వేసవి రాత్రి పోతుంది, తుపాను గాలి లేచినప్పుడు పోతుంది, ఏ కారణమూ కనిపించని మంచు వేళలోనూ పోతుంది. ఎందుకు పోతుందో తెలియాలంటే అది ఎక్కడనుండి వస్తున్నదో ముందు తెలియాలి.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం తనకు కావలసిన విద్యుచ్ఛక్తిలో అత్యధిక భాగాన్ని తాను ఉత్పత్తి చేసుకోదు. కారైకాల్‌లో 32.5 మెగావాట్ల గ్యాసు విద్యుత్కేంద్రం ఒకటి ఉన్నది. తక్కినది ప్రధానంగా కేంద్రప్రభుత్వ సంస్థల విద్యుత్కేంద్రాలలో దానికి గల వాటాగా లభిస్తుంది. నైవేలి లిగ్నైటు, కల్పాక్కం, కైగా అణుకేంద్రాలు ఇందులో చేరినవే. 1983లో తొలి యూనిట్ ప్రారంభమైన రామగుండం బొగ్గు విద్యుత్కేంద్రంలోనూ పుదుచ్చేరికి వాటా ఉన్నది. అంటే వైట్ టౌన్‌లో ఒక బాలుడు పరీక్షకు చదువుకొనే దీపంలో గోదావరి తీరపు బొగ్గుకూ కొంత పాలున్నదన్నమాట. అదే కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన తెలుగుగడ్డ యానాం ఆంధ్రప్రదేశ్ లైన్ల మీదుగాను, మాహే కేరళ లైన్ల మీదుగాను విద్యుత్తు పొందుతున్నవి. ఒకే పరిపాలన క్రింద ఉన్న ఊళ్ళు మూడు పొరుగు రాష్ట్రాల తీగెల మీద ఆధారపడి వెలుగుతున్నవి.

2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరుల నడుమ 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణాది గ్రిడ్డు దేశంలోని మిగిలిన గ్రిడ్డుతో ఏకమైంది. అంతకు ముందు 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తరాది గ్రిడ్డు కుప్పకూలి కోట్లాది ప్రజలు చీకటిలో పడినప్పుడు దక్షిణాదికి ఆ దెబ్బ తగలలేదు. ఆనాటికి ఈ కలయిక జరుగకపోవడమే అందుకు కారణం. కలిసి ఉన్నప్పుడు ఒకచోటి మిగులు మరొకచోటి లోటును పూరిస్తుంది. ఒకచోటి క్రమశిక్షణా లోపం అందరికీ ముప్పు తెస్తుంది. ఈ రెండవ మాటను మన పత్రికలు అంతగా చెప్పవు.

ఇంత పెద్ద ఏర్పాటు ఉన్నందున నేడు ఒక వీధిలో దీపం ఆరితే దేశంలో విద్యుత్తు చాలడం లేదనుకోనక్కరలేదు. చాలా సందర్భాలలో లోపం వందల కిలోమీటర్ల దూరాన కాక, ఉపకేంద్రానికీ ఇంటికీ మధ్యగల కడపటి కొద్ది దూరంలోనే ఉంటుంది. అక్కడ 11 కిలోవోల్టుల లైను ట్రాన్స్‌ఫార్మరును చేరి, గృహాలకు తగిన 230 వోల్టులుగా మారుతుంది.

సముద్రపు ఒడ్డున ఈ కడపటి మజిలీకి ప్రధాన శత్రువు ఉప్పు. అలల తుంపరలలోని లవణకణాలు గాలిలో కొట్టుకొనివచ్చి లైన్లను మోసే పింగాణీ ఇన్సులేటర్ల మీద పలుచని పొరగా పేరుకుంటవి. పొడిగా ఉన్నంతకాలం ఆ పొర వల్ల హాని లేదు. మంచు కురిసినా, చిరుజల్లు పడినా ఉప్పు కరిగి విద్యుత్తుకు దారి ఇస్తుంది. ఇన్సులేటరు ఉపరితలం మీదుగా కరెంటు స్తంభానికి దూకి, రక్షణ పరికరం లైనును ఆపివేస్తుంది. కుండపోత వాన ఈ ఉప్పును కడిగివేస్తుంది కనుక దానికంటె చినుకే ప్రమాదకరమన్న వింత ఇందులో ఉన్నది. ఉప్పుగాలి తీగెల అతుకులను, పెట్టెల తలుపులను, బోల్టులను కూడ తినివేస్తుంది. తీగెలను భూమిలో వేస్తే గాలివల్ల కలిగే బాధ తగ్గుతుంది. కాని కేబులు అతుకులో తేమ చేరితే లోపం కంటికి కనిపించదు. పరికరాలతో చోటు గుర్తించి, వీధి త్రవ్వి, సరిచేసేసరికి గంటలు గడుస్తవి. రెండు వైపుల నుండి సరఫరా అందేటట్లు లైన్లను వలయంగా కలిపినచోట ఈ నిరీక్షణ బాగా తగ్గుతుంది.

రెండవ కారణం భారం. ఒక కుటుంబం నివసించిన మేడ భోజనశాలగానో, అతిథిగృహంగానో మారితే అదే ట్రాన్స్‌ఫార్మరు మీద ఎయిర్ కండిషనర్లు, శీతల యంత్రాలు, వంటింటి యంత్రాలు వచ్చి చేరుతవి. వేసవి రాత్రి అన్నీ ఒక్కసారి నడిచినప్పుడు వోల్టేజి పడిపోతుంది. తక్కువ వోల్టేజి వద్ద మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. ఫ్రిజ్‌లు కాలిపోవడం ఇందువల్లనే. జనరేటరు గల హోటలుకు ఇది ఖర్చు మాత్రమే. సందులో పళ్ళరసం అమ్మేవానికి ఆనాటి సరుకంతా నష్టం.

తుపానుల సంగతి వేరు. 2011 డిసెంబరు 30న థానే తుపాను కడలూరు, పుదుచ్చేరిల మధ్య తీరం దాటినప్పుడు వేలాది స్తంభాలు కూలినవి. కొన్ని ప్రాంతాలకు విద్యుత్తు తిరిగి రావడానికి రోజులు పట్టింది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపాన తీరం దాటింది. డిసెంబరు 1 ఉదయానికి ముగిసిన 24 గంటలలో పట్టణంలో సుమారు 46 సెంటీమీటర్ల వాన కురిసింది. నీరు నిలిచిన వీధులలో సరఫరా పునరుద్ధరించే ముందు తీగెలన్నీ పరీక్షించవలసి ఉంటుంది. తొందరపడి స్విచ్చి వేస్తే నీటిలో నడిచే మనిషి ప్రాణం పోతుంది. ఆ సమయంలో చీకటి ఒక రక్షణ.

మనుషుల మధ్య పేచీ వల్ల వచ్చిన చీకటీ ఉన్నది. కేంద్రపాలిత ప్రాంతాలలో విద్యుత్ పంపిణీని ప్రైవేటు సంస్థలకు అప్పగించాలన్న విధానాన్ని కేంద్రం 2020లో ప్రకటించింది. దానిని నిరసిస్తూ పుదుచ్చేరి విద్యుత్ శాఖ ఉద్యోగులు 2022 సెప్టెంబరు చివర సమ్మెకు దిగినారు. అక్టోబరు 1 రాత్రి పట్టణంలో అనేక ప్రాంతాలు చీకటిలో మునిగినవి. ఆ వివాదంలో ఎవరిది న్యాయమన్నది ఇక్కడ విషయం కాదు. కాని పంపిణీ ఎవరి చేతిలో ఉన్నా తీగెలను, అతుకులను ఎరిగిన మనుషులు లేనిదే అది నడువదని ఆ రాత్రి పౌరులకు తెలిసివచ్చింది.

వైట్ టౌన్‌లోని ఇండ్లు అసలు కరెంటును నమ్ముకొని కట్టినవి కావు. 1761లో ఆంగ్లేయులు నేలమట్టం చేసిన పట్టణాన్ని ఫ్రెంచివారు 1765 తరువాత తిరిగి నిర్మించినారు. నాటి పద్ధతిలో కట్టిన ఇంట్లో మందపు గోడ, సున్నపు పూత, ఎత్తైన కప్పు, పలకల తలుపుల కిటికీలు, నడుమ తోట ఉంటవి. సముద్రానికి ఎదురుగా సాగే వీధులు సాయంకాలపు గాలిని లోనికి తెచ్చేవి. కాలువకు పడమటి తమిళ గృహాలలో వీధి అరుగూ, మన మండువా లోగిలిని తలపించే నడిముంగిలీ అదే పని చేసేవి. ఇప్పుడు చాలాచోట్ల కిటికీలు మూసి, గదులు విభజించి, చలువ యంత్రాలు బిగించినారు. కరెంటు పోయినప్పుడు ఇటువంటి గది పాత గదికంటె త్వరగా ఉక్కపోస్తుంది. కిటికీ తెరుచుకొనే వీలు మిగుల్చుకొన్న ఇల్లు ఆ గంటను సులువుగా గడుపుతుంది.

సామాన్య కుటుంబానికి ఇన్వర్టరు చాలును. 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో లెక్కకు 1,800 వాట్-గంటల శక్తి ఉంటుంది. అందులో సగమే వాడుకొంటే బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది. ఆ సగంతో 75 వాట్ల పంకా ఒకటి, 10 వాట్ల ఎల్‌ఇడి దీపాలు రెండు ఎనిమిది గంటల వరకు నడుస్తవి. 30 వాట్ల కొత్తరకపు పంకా అయితే రాత్రంతా చాలును. బ్యాటరీలో శుద్ధజలం తగ్గకుండ చూడాలి. దానిని గాలి ఆడేచోట ఉంచాలి. పైకప్పు మీద సౌరఫలకాలు పెట్టించుకొన్నవారు కరెంటు పోయినా తమ ఇంట్లో దీపం వెలుగుతుందని ఆశిస్తారు. గ్రిడ్డుకు కలిపిన సాధారణ సౌరయంత్రం లైనులో కరెంటు లేనప్పుడు దానంతటది ఆగిపోతుంది. బ్యాటరీ, అందుకు తగిన యంత్రం విడిగా ఉంటేనే పనిచేస్తుంది.

అది లోపం కాదు. లైన్‌మన్ సరఫరా నిలిపి, తీగె నిర్జీవమని నమ్మి స్తంభమెక్కుతాడు. ఏదో ఒక ఇంటి జనరేటరు నుండి విద్యుత్తు వెనుకకు ప్రవహిస్తే ట్రాన్స్‌ఫార్మరు దానిని 230 వోల్టుల నుండి తిరిగి వేల వోల్టులకు పెంచుతుంది. అందుచేత జనరేటరును గోడ ప్లగ్గులో పెట్టి ఇంటికంతా కరెంటు ఇవ్వడం నేరంతో సమానం. ఇంటి తీగెలు ఒక సమయంలో లైనుకుగాని, జనరేటరుకుగాని మాత్రమే కలిసేటట్లు చేసే చేంజోవర్ స్విచ్చిని అర్హత గల ఎలక్ట్రీషియను చేత పెట్టించాలి. జనరేటరును మూసిన గదిలోగాని, మెట్లక్రిందగాని నడుపరాదు; దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. కరెంటు తిరిగి వచ్చిన తరువాత అయిదు నిమిషాలు ఆగి ఫ్రిజ్‌ను కలపడం మేలు.