ఉదజని మన ఊరికి వస్తుందా?

ఉదజని అంటే నీటిని కన్నది. గ్రీకు భాషలోంచి వచ్చిన ‘హైడ్రోజన్’కూ అదే అర్థం. మండితే నీరుగా మారే వాయువుకు ఇంతకన్నా తగిన పేరేముంది? సూర్యరశ్మితోనో గాలితోనో పుట్టిన కరెంటును నీటిలోకి పంపి, ఆమ్లజనిని, ఉదజనిని విడదీస్తే వచ్చేదాన్నే హరిత ఉదజని అంటున్నారు. 2030 నాటికి దేశంలో ఏటా 50 లక్షల టన్నులు తీయాలని కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో ఒక పథకాన్ని ఆమోదించింది.

దీనివల్ల మన భద్రాచలం అడవి అంచు పల్లెలకు ఒరిగేదేమిటి? ఇక్కడ కట్టెలమోపు దిగని నెత్తులు, పొగకు మండే కళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. మనకు చలిమంట అవసరం కొద్దిరోజులే. పొయ్యి మాత్రం ఏడాది పొడుగునా వెలగాలి. “పొగలేని వాయువు వస్తుందటగా, మాస్టారూ!” అని మా విద్యార్థులు అడిగితే కాగితం తీసి లెక్క వేశాను.

కిలో ఉదజనికి కనీసం 9 లీటర్ల నీరు, 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. మండిస్తే తిరిగి వచ్చేది 33 యూనిట్ల వేడి. 14.2 కిలోల గ్యాసుబండకు సరితూగే ఉదజని తీయడానికి దాదాపు 300 యూనిట్లు ఖర్చవుతుంది. అదే వంట ఇండక్షన్ పొయ్యిమీద అందులో సగంతోనే అయిపోతుంది. ఇంటిముందు బావి పెట్టుకుని చిల్లికుండతో ఏటికి వెళ్ళినట్టు! ఇంగ్లాండులో విట్బీ అనేచోట ఇళ్ళను ఉదజనితో వెచ్చబెట్టే ప్రయోగం తలపెట్టి, స్థానికులు ఎదురుతిరిగాక 2023లో మానుకున్నారు.

ట్రాక్టరు సంగతి వేరు. దుక్కి రోజుల్లో అది పొద్దస్తమానం తిరగాలి. న్యూ హాలండ్ కంపెనీ 2009లోనే ఉదజని ట్రాక్టరును ప్రదర్శించింది. కాని ఈ తేలిక వాయువును టాంకులో పట్టించాలంటే మామూలు గాలి ఒత్తిడికి కొన్ని వందల రెట్లు అదమాలి. అటువంటి బంకును ఊరూరా పెట్టడం మాటలు కాదు.

మరి ఉదజని రైతు ఇంటికి వచ్చేదెప్పుడు? ఏనాడో వచ్చింది, యూరియా సంచిలో! నత్రజనికి ఉదజని కలిస్తే అమోనియా, దానినుంచే యూరియా. 45 కిలోల సంచికి సుమారు నాలుగున్నర కిలోల ఉదజని పడుతుంది. రామగుండంలో 1980లో మొదలై 1999లో మూతపడిన కర్మాగారం దాన్ని బొగ్గునుంచి తీసింది. 2021లో ఉత్పత్తి ప్రారంభించిన కొత్త కర్మాగారం సహజవాయువునుంచి తీస్తోంది. రేపు నీటినుంచి తీయవచ్చు. యూరియాకు కావలసిన బొగ్గుపులుసు వాయువును మాత్రం వేరే సమకూర్చుకోవాలి.

కనుక నా మనవి ఒక్కటే. హరిత ఉదజని ముందు ఎరువుల కర్మాగారానికి వెళ్ళాలి. సింగరేణి సంస్థ మణుగూరులో, ఇల్లెందులో సూర్యరశ్మితో తీస్తున్నటువంటి కరెంటు తిన్నగా పల్లె వంటింటికి రావాలి. కొత్త వాయువు వచ్చేదాకా ఆగమని చెప్పి, ఆడకూతురి నెత్తిన మోపును ఇంకో పదేళ్ళు ఉంచడం న్యాయం కాదు.